పదిహేనో పళ్ళెం

జాబితాలో ముప్పై ఒక్క పేర్లు.
పోయినవాళ్ళూ, జాడ తెలియనివాళ్ళూ కలిపి
పదకొండు నల్ల చుక్కలు పెట్టాను.
ఆరుగురు ఫోనెత్తలేదు.
హోటల్లో పద్నాలుగు పళ్ళేలు చెప్పాను.
లెక్కల్లో నాకెప్పుడూ తప్పు పోలేదు,
కావాలంటే ఎలిసో టీచర్ని అడగండి.
తొంభై ఒకటో ఏట, చెవిటి మిషను సర్దుకుంటూ
బల్ల మొదట్లో కూర్చుంది.

పదిహేనో మనిషి ఎప్పుడొచ్చాడో చూడలేదు.
బూడిదరంగు కోటు, ఇస్త్రీ మడత నలగలేదు.
గులీకో జరిగి చోటిచ్చింది. "ఓతియావి కదూ?" అంది.
అసలు ఓతియా ఎదురుగానే బీన్సు తింటున్నాడు.
అందరం నవ్వాం. ఆయనా నవ్వాడు.
నలభై మూడేళ్ళయ్యాక ఎవరి మొహం ఎవరికి గుర్తు?
పేరడగడానికి మొహమాటం.
అడిగితే, మనమే మరిచిపోయినట్టు.

కిటికీ కింద క్విరిలా నది.
మా చదువు రోజుల్లో
మాంగనీసు కడిగిన నీళ్ళతో సిరాలా పారేది.
ఇప్పుడు తేటపడింది,
మాలాగే, పని తగ్గి.

తమదా పీట నోదార్‌ది.
చియతూరాలో ఎవరూ ఊరికే తాగరు.
తమదా లేచి ఒక మాట చెప్పాలి,
మాట లోపలికి దిగాకే వైను దిగాలి.
మొదటిది బడికి. రెండోది టీచరుకి.
మూడోది నల్ల చుక్కలకి, నిలబడి తాగాం,
మోకాళ్ళు కలుక్కుమంటున్నా.

తర్వాత ఎవరో ఆ రోజుని కదిపారు.
ప్రతిసారీ ఎవరో ఒకరు కదుపుతారు.
కొండ మీది బడికి తీసుకెళ్ళే ఇనప డబ్బా
తాడు మీద, లోయ నడుమ,
కరెంటు పోయి వేలాడిన రోజు.
జురాబ్ లెక్కలో నాలుగు గంటలు.
గులీకోకి మంచు, ఓతియాకి వాన.
ఏడవలేదని ముగ్గురు ఒట్టేశారు.
"రెండు గంటలు," అన్నాడు బూడిదరంగు కోటు.
"పొగమంచు.
పన్నెండు రొట్టెలు."

"ఏ రొట్టెలు?"

"క్యాంటీనుకి నేను మోసుకొస్తున్నవి.
ముందు వాటితో చేతులు కాచుకున్నారు.
తర్వాత తినేశారు.
బేకరీ వాళ్ళు మా అమ్మ జీతంలో కోసుకున్నారు."
ఫిర్యాదులా అనలేదు,
రేపటి వాతావరణం చెప్పినట్టు చెప్పాడు.
"నాది మీ బడి కాదు. అప్పటికే చదువాపేశాను.
గోడ మీద కాగితంలో 'అందరూ రండి' అని ఉంటే..."

ఆ కాగితం రాసింది నేనే.
'పాత విద్యార్థులు' అని పైన సన్నగా,
'అందరూ' మాత్రం పెద్దక్షరాల్లో.

గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది.
బల్ల మీది రొట్టెబుట్ట వంక చూడ్డానికి
ఎవరికీ మొహం చెల్లలేదు.
ఎలిసో టీచరుకి సగమే వినబడింది.
"ఈ అబ్బాయి వెనకబెంచీ," అంది,
"శ్రద్ధగా వినేవాడు."
ఎవరం దిద్దలేదు.
"క్యాంటీను కిటికీలోకి వినబడేదమ్మా," అన్నాడు ఆయన,
ఆమె చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని.

పాటల దగ్గర అసలు చిక్కొచ్చింది.
మా పాటకి మూడు గొంతులు కావాలి.
కింది గొంతు అవ్తాందిల్‌ది,
ఇప్పుడు వాడొక చుక్క.
పై రెండూ మెట్లు లేని మేడలా ఊగుతుంటే
అడుగున ఎవరో నేల పరిచారు.
చూస్తే, కోటాయన కళ్ళు మూసుకుని పాడుతున్నాడు.
ఏ క్యాంటీను కిటికీ నేర్పిందో.

బిల్లొచ్చాక తన వంతిస్తానని పేచీ.
"పన్నెండు రొట్టెలు బాకీ ఉన్నాం," అని
నోదార్ ఆయన పర్సు లాక్కున్నంత పని చేశాడు.
"అవెప్పుడో చెల్లిపోయాయి," అన్నాడు.
ఎప్పుడో, దేనికో
చెప్పలేదు.

రాత్రి ఇంటికొచ్చి జాబితా తీశాను.
ముప్పై రెండు అని వేసి, బోందో అని రాశాను.
టాక్సీ తలుపేస్తూ చెప్పాడా పేరు.
పక్క గడి ఖాళీ.
ఇంటిపేరడగడం
మళ్ళీ మర్చిపోయాం.